తూముకు తలుపు: వరి ఎండాకు తెగులు బాక్టీరియాలో ప్రోటీన్ స్రావద్వారాల నిర్మాణం, పనితీరు

వ్యాససంగ్రహం

వరిలో ఎండాకు తెగులును కలిగించే జాంథోమోనాస్ ఒరైజే బాక్టీరియా తన ఎంజైములను రెండు త్వచాలు దాటించి మొక్కలోకి పంపుతుంది. అందుకోసం అది నిర్మించుకొనే ప్రోటీన్ ద్వారాల స్వరూపాన్ని, అవి పెద్ద అణువులను పంపుతూనే కణాన్ని కారిపోనివ్వకుండా కాపాడే తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. హైదరాబాదు పరిశోధనల ఫలితాలను, మేలైన సాంబమసూరి వంగడంలోని నిరోధక జన్యువులను ఈ ద్వారాల దృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్రావవ్యవస్థ, సెక్రెటిన్, బాహ్యత్వచం, ఎండాకు తెగులు, సాంబమసూరి, నిరోధక జన్యువులు.

1. ఉపోద్ఘాతం

కడప జిల్లా బద్వేలు ప్రాంతం వాన తక్కువైన మెట్టసీమ. ఇక్కడ వరి పండాలంటే చెరువు కిందనో, బోరు కిందనో, తెలుగుగంగ పథకంలోని బ్రహ్మంసాగర్ నీరు అందే చోటనో పండాలి. బద్వేలుకు ఉత్తరాన ఉన్న పోరుమామిళ్ల చెరువు సా.శ. 1369 నాటిది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించినట్లు అక్కడి శాసనం తెలుపుతున్నది. చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను పేర్కొన్నందువల్ల నీటిపారుదల చరిత్రలో ఆ శాసనానికి ప్రత్యేక స్థానం ఉంది. ఆరు దోషాలలో ఒకటి కట్ట నుండి నీరు ఊరిపోవడం. కట్ట ఎంత గట్టిదైనా దానికి తూము పెట్టక తప్పదు. తూము పెట్టిన చోటనే కట్టకు ప్రమాదం కూడా. కావలసినప్పుడు కావలసినంత వదలి, తక్కిన వేళల్లో బిగిసి ఉండే తలుపు లేకపోతే ఆ చెరువు ఆయకట్టుకు అక్కరకు రాదు.

అదే చెరువు కింది మడిలో, వరి ఆకు నాళాలలో, మీటరులో పది లక్షల వంతు పొడవుండే ఒక జీవి ఇదే చిక్కును ఎదుర్కొంటుంది. దాని పేరు జాంథోమోనాస్ ఒరైజే పాథోవార్ ఒరైజే. రైతులు ఎండాకు తెగులు అని పిలిచే వ్యాధికి ఇదే కారణం. ఆకు కొనల నుండి అంచుల వెంబడి అలలుగా పసుపు రంగు దిగి, క్రమంగా ఎండుగడ్డి రంగుకు మారుతుంది. ఉదయపు వేళ ఆకులపై పసుపు రంగు జిగురు బొట్లు కనిపిస్తాయి. జపానులోని ఫుకుఓకా ప్రాంత రైతులు 1884లోనే ఈ తెగులును గుర్తించారు. మన దేశంలో 1963లో బీహారులో అది ఉద్ధృతంగా వ్యాపించిన తరువాత శాస్త్రజ్ఞుల దృష్టి దీనిపై నిలిచింది. రసాయన మందులతో దీనిని పూర్తిగా అదుపు చేయడం నేటికీ సాధ్యం కాలేదు. తెగులు కనిపించగానే నత్రజని ఎరువు ఆపమన్న సలహా అందుకే ఇంకా మొదటి సలహాగా నిలిచి ఉంది.

ఈ బాక్టీరియాకు నోరు లేదు, గోళ్లు లేవు. వరి కణకవచాన్ని కరిగించే ఎంజైములే దాని ఆయుధాలు. అవి తయారయ్యేది బాక్టీరియా లోపల, పని చేయవలసింది బయట. వాటిని బయటికి పంపే దారి మూతపడితే బాక్టీరియా బతికే ఉంటుంది గాని తెగులు కలిగించే శక్తిని చాలావరకు కోల్పోతుంది. కనుక తెగులును అర్థం చేసుకోవాలంటే ఆ దారిని అర్థం చేసుకోవాలి.

2. రెండు త్వచాల చిక్కు

జాంథోమోనాస్ గ్రామ్ నెగటివ్ వర్గానికి చెందినది. దీనికి లోపలి త్వచం, బాహ్యత్వచం అని రెండు కొవ్వు పొరలు ఉంటాయి. రెండింటి నడుమ పెరిప్లాజం అనే సన్నని అరలో పెప్టిడోగ్లైకాన్ వల పరచుకొని ఉంటుంది. కొవ్వు పొర గుండా నీటిలో కరిగే ప్రోటీన్ తనంతట తాను దాటలేదు. బాహ్యత్వచంలో పోరిన్లు అనే చిన్న రంధ్రాలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి గాని, వాటి గుండా సుమారు 600 డాల్టన్లకు మించిన అణువులు పోలేవు. చక్కెరలు, లవణాలు, అమైనో ఆమ్లాలు రాకపోకలు సాగించడానికి ఆ కొలత చాలు. ఒక ఎంజైము బరువు వేల డాల్టన్లు. అది పట్టేంత రంధ్రం ఊరికే తెరిచి ఉంచితే పెరిప్లాజంలోని సరుకంతా బయటికి పోతుంది, బయటి విషాలన్నీ లోపలికి వస్తాయి.

మరొక చిక్కు శక్తికి సంబంధించినది. కణాలు పనికి వాడుకొనే ఏటీపీ కణద్రవ్యంలోనే ఉంటుంది, పెరిప్లాజంలో ఉండదు. లోపలి త్వచానికి ఇరువైపులా ప్రోటాన్ల వ్యత్యాసం రూపంలో మరికొంత శక్తి నిలువ ఉంటుంది. బాహ్యత్వచానికి ఆ సదుపాయం లేదు. అంటే బయటి తూము తలుపు తీయడానికి కావలసిన బలం లోపలి గది నుండే రావాలి. రెండు త్వచాలను కలిపే యంత్రాంగం ఒకటి లేనిదే ఇది సాధ్యం కాదు. బాక్టీరియాలు ఇలాంటి యంత్రాంగాలను పలు విధాలుగా నిర్మించుకొన్నాయి. వాటికి శాస్త్రజ్ఞులు వరుస సంఖ్యలతో మొదటి తరహా, రెండవ తరహా అని పేర్లు పెట్టారు. ఈ సంఖ్యలు కేవలం గుర్తుల వంటివి. ఒకదాని నుండి మరొకటి పుట్టిందని వాటికి అర్థం కాదు.

3. లోపలి ద్వారం

రెండవ తరహా వ్యవస్థలో ఎంజైము ప్రయాణం రెండు అంచెలుగా సాగుతుంది. మొదటి అంచెలో లోపలి త్వచం దాటడానికి సాధారణంగా సెక్ అనే ద్వారాన్ని వాడుకొంటుంది. అప్పుడే తయారైన ప్రోటీన్ గొలుసు మొదట్లో సంకేత పెప్టైడ్ అనే చిన్న ముక్క ఉంటుంది. అది చిరునామా చీటీ వంటిది. గొలుసు మడతపడకముందే, దారపు పోగులా సెక్ రంధ్రంలోకి దూరుతుంది. సెక్-ఎ అనే ప్రోటీన్ ఏటీపీని ఖర్చు చేస్తూ దానిని నెడుతుంది. అవతలికి చేరాక చీటీ తెగిపోతుంది.

ఈ ద్వారపు త్రిమితీయ నిర్మాణం 2004లో ఒక ఆర్కియా జీవి నుండి తెలిసింది. ఇసుక గడియారంలా నడుమ సన్నగా ఉండే ఆ రంధ్రపు ఇరుకు చోట నీటిని ఇష్టపడని ఐసోల్యూసిన్ అవశేషాలు ఉంగరంలా అమరి ఉన్నాయి. గొలుసు దూరుతున్నప్పుడు ఆ ఉంగరం దాని చుట్టూ బిగిసి, అయాన్లు జారిపోకుండా అడ్డుకొంటుంది. గొలుసు లేనప్పుడు ప్రోటీన్‌లోనిదే ఒక చిన్న భాగం బిరడాలా వచ్చి కూర్చుంటుంది. తూముకు తలుపు అనే సూత్రం ఇక్కడే మొదటిసారి కనిపిస్తుంది.

గొలుసుగా వచ్చిన ఎంజైము పెరిప్లాజంలో మడతపడి, పనిచేయగల రూపం దాలుస్తుంది. టాట్ అనే మరో మార్గం ముందే మడతపడిన ప్రోటీన్లను కూడా లోపలి త్వచం దాటిస్తుంది. ఏ దారిన వచ్చినా ఇక మిగిలింది బాహ్యత్వచం. అసలు కష్టం ఇక్కడే. దారపు పోగును పంపడం ఒక ఎత్తు, ముడిపడిన ఉండను పంపడం మరొక ఎత్తు.

4. సెక్రెటిన్: బాహ్యత్వచంలోని మహాద్వారం

బాహ్యత్వచంలో ఈ పని చేసే ప్రోటీన్ల కుటుంబానికి సెక్రెటిన్లు అని పేరు. రెండవ తరహా వ్యవస్థ తొలుత స్పష్టంగా బయటపడింది క్లెబ్సియెల్లా ఆక్సిటోకా అనే బాక్టీరియాలో. అది పుల్లులనేజ్ అనే ఎంజైమును బయటికి పంపే తీరును పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పగ్‌స్లీ బృందం 1980ల నుండి పరిశోధించింది. అక్కడి సెక్రెటిన్‌కు పుల్-డి అని, సాధారణ నామంగా జీఎస్‌పీ-డి అని, జాంథోమోనాస్‌లో ఎక్స్‌పీఎస్-డి అని పేర్లు. పేర్లు వేరైనా నిర్మాణ సూత్రం ఒకటే.

2017లో అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఇ. కోలై, కలరా బాక్టీరియాల జీఎస్‌పీ-డి నిర్మాణం దాదాపు పరమాణు స్థాయిలో వెలువడింది. ఒకే రకమైన 15 ప్రోటీన్ అణువులు గుండ్రంగా చేరి ఒకే ద్వారంగా ఏర్పడతాయి. ఒక్కో అణువు నాలుగేసి బీటా పోగులను అందిస్తుంది. మొత్తం 60 పోగులు పక్కపక్కన నిలబడి, పీపా చుట్టూ చెక్కల్లా గోడ కడతాయి. ఆ గోడ లోపల మరో పొర గోడ ఉంటుంది. ఈ జంట గోడ నిర్మాణం పోరిన్ వంటి మామూలు రంధ్రాలలో లేదు. ద్వారం మొత్తం బరువు సుమారు పది లక్షల డాల్టన్లు.

పీపా నుండి పెరిప్లాజంలోకి వరుస ఉంగరాలుగా ఒక గొట్టం దిగి ఉంటుంది. ఎంజైము వచ్చి చేరే వసారా అది. మడతపడిన కలరా విషప్రోటీన్ సైతం ఇందులో ఇమడగలదు. వసారాకు పైన, పీపా నడుమ, 15 అణువుల నుండి లోపలికి వంగిన మెలికలు కలిసి అడ్డుగా తలుపు కడతాయి. విశ్రాంత స్థితిలో ఈ తలుపు మూసి ఉంటుంది. ఎంజైము కింది నుండి ఒత్తినప్పుడు ఆ మెలికలు గోడల వైపు ఒత్తిగిలి దారి ఇస్తాయని, పని కాగానే తిరిగి యథాస్థానానికి వస్తాయని నిర్మాణ చిత్రాలను బట్టి భావిస్తున్నారు.

నెట్టేది ఎవరు? లోపలి త్వచంలో అమరిన ఒక వేదిక, దాని అడుగున కణద్రవ్యంలో ఏటీపీని విచ్ఛిన్నం చేసే జీఎస్‌పీ-ఇ అనే యంత్రం ఉంటాయి. ఈ యంత్రం పని చేసినప్పుడు జీఎస్‌పీ-జి అనే చిన్న ప్రోటీన్లు ఒకదాని కింద ఒకటి చేరి కడ్డీలా పెరుగుతాయి. పిస్టన్ వలె పైకి లేచే ఆ కడ్డీ వసారాలోని ఎంజైమును తలుపు వైపు నెడుతుంది. కడ్డీ మర స్క్రూ వలె తిరుగుతూ నీటిని ఎత్తే యంత్రంలా పని చేస్తుందన్న వాదన కూడా ఉంది. రెండింటిలో ఏది నిజమో ఇంకా తేలవలసి ఉంది. అయితే శక్తి లోపలే ఖర్చయి, దాని ఫలితం బాహ్యత్వచంలో కనిపిస్తుందన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. పెరిప్లాజంలోని అనేక ప్రోటీన్లలో బయటికి పోవలసినవి ఏవో ఈ యంత్రం ఎలా గుర్తిస్తుందన్నది మరింత జటిలమైన ప్రశ్న. సంకేత పెప్టైడ్ వంటి సరళమైన చీటీ ఇక్కడ దొరకలేదు. ఎంజైము మడతపడిన తరువాత దాని ఉపరితలంపై ఏర్పడే ఆకృతియే గుర్తు కావచ్చునని ఆధారాలు సూచిస్తున్నాయి.

ఈ ద్వారాన్ని కట్టడం కూడా సున్నితమైన పనే. క్లెబ్సియెల్లాలో పుల్-ఎస్ అనే చిన్న కొవ్వుప్రోటీన్ మార్గదర్శిగా ఉండి, విడి పుల్-డి అణువులను బాహ్యత్వచానికి చేరుస్తుంది. అక్కడ 15 అణువులు చేరి ముడిపడ్డాక ఆ కట్టడం ఎంత గట్టిదంటే, సాధారణ ప్రోటీన్లను విడదీసే డిటర్జెంటుతో మరిగించినా చెదరదు. మార్గదర్శి లేకపోతే పుల్-డి దారి తప్పి లోపలి త్వచంలోనే ద్వారం కట్టేస్తుంది. అప్పుడు బాక్టీరియా త్వచం దెబ్బతిన్నప్పుడు పుట్టే రక్షణ ప్రతిస్పందనను మొదలుపెడుతుంది. సెక్రెటిన్ తలుపు భాగంలో ఉత్పరివర్తనాలు కలిగించిన ప్రయోగాలలో, మామూలుగా బాహ్యత్వచాన్ని దాటలేని వాంకోమైసిన్ వంటి పెద్ద ఔషధాలు లోనికి ప్రవేశించి బాక్టీరియాను చంపాయి. కట్టకు నీరు ఊరడం దోషమన్న పోరుమామిళ్ల శాసనకర్త మాట ఈ కొలతలోనూ చెల్లుతుందన్నమాట.

5. హైదరాబాదు ప్రయోగాలు చూపిన సంగతి

జాంథోమోనాస్ ఒరైజేలో ఈ ద్వారానికి, తెగులుకు గల సంబంధాన్ని నిరూపించిన పనిలో ప్రధాన భాగం హైదరాబాదులోని సీసీఎంబీలో రమేష్ వి. సొంటి బృందం చేసినది. రెండవ తరహా స్రావవ్యవస్థ జన్యువులు చెడిన బాక్టీరియా రకాలు జైలనేజ్ అనే ఎంజైమును బయటికి పంపలేవని, వరిపై తెగులు కలిగించే శక్తిలో వెనుకబడతాయని ఈ బృందం 2000లో ప్రకటించింది. వరి కణకవచంలో సెల్యులోజు పోగులను కలిపి ఉంచే జైలాన్‌ను కోసే కత్తెర జైలనేజ్. దానితోపాటు ఎస్టరేజులు, సెల్యులేజులు కూడా ఇదే ద్వారం గుండా వస్తాయి. ఒక్కో ఎంజైమును విడిగా తొలగిస్తే తెగులుపై ప్రభావం తక్కువ, ఎందుకంటే ఒకటి చేసే పనిని మరొకటి కొంతవరకు పూరిస్తుంది. ద్వారమే చెడితే పూరించేది ఏదీ మిగలదు. ఆయుధాలకు ప్రత్యామ్నాయాలున్నాయి, వాటన్నిటినీ పంపే దారి మాత్రం ఒక్కటే. ఈ వ్యవస్థలో అన్నిటికన్నా గమనించదగిన అంశం ఇదే.

లిప్-ఎ అనే ఎస్టరేజ్ నిర్మాణాన్ని సీసీఎంబీలోనే రాజన్ శంకరనారాయణన్ బృందంతో కలిసి 2009లో వెల్లడించారు. కణకవచంలోని చక్కెర భాగాన్ని పట్టుకొనేందుకు దానిలో ప్రత్యేకమైన ఒక జేబు వంటి అమరిక ఉన్నట్లు తేలింది.

అయితే కథ ఇంత సూటిగా లేదు. కణకవచం తెగినప్పుడు రాలే ముక్కలను వరి మొక్క ప్రమాద సూచనగా గుర్తిస్తుంది. తన కణకవచాలను కాలోజ్ నిక్షేపాలతో బలపరుస్తుంది, రక్షణ చర్యలు ప్రారంభిస్తుంది. అంటే బాక్టీరియా తలుపు పగలగొడుతుంటే ఆ చప్పుడుకే ఇంటివారు మేలుకొంటారు. 2007లో వెలువడిన సొంటి బృందపు పరిశోధన ఈ ద్వంద్వాన్ని విడదీసి చూపింది. రెండవ తరహా వ్యవస్థ ఉండి, మూడవ తరహా వ్యవస్థ చెడిన బాక్టీరియాను ఆకులోకి ఎక్కిస్తే మొక్క రక్షణ బలంగా మేల్కొంటుంది. ఆ ఆకు తరువాత వచ్చే అసలు బాక్టీరియాను సైతం నిరోధించగలుగుతుంది. రెండు వ్యవస్థలూ పనిచేసే మామూలు బాక్టీరియా విషయంలో ఆ మేల్కొలుపు కనిపించదు. మూడవ తరహా ద్వారం గుండా వచ్చే అణువులు దానిని అణచివేస్తాయి. ఒక ద్వారం చేసిన అల్లరిని మరో ద్వారం సర్దిపుచ్చుతుంది.

6. సూది ద్వారం, సొరంగ ద్వారం

మూడవ తరహా వ్యవస్థలోనూ బాహ్యత్వచాన్ని దాటించేది సెక్రెటిన్ కుటుంబపు ఉంగరమే. దాని మీదుగా సూది వంటి పొడవైన గొట్టం బయలుదేరి మొక్క కణత్వచం వరకు చేరుతుంది. లోపలి వ్యాసం రెండు మూడు నానోమీటర్లే కావడంతో ప్రోటీన్లు మడత విప్పుకొని దారపు పోగుగా పోవలసిందే. ఇవి పెరిప్లాజంలో ఆగవు, కణద్రవ్యం నుండి నేరుగా వరి కణంలోకి చేరతాయి. అలా చేరేవాటిలో ముఖ్యమైనవి టేల్ ప్రోటీన్లు. వీటిలో సుమారు 34 అమైనో ఆమ్లాల పునరావృతాలు వరుసగా ఉంటాయి. ఒక్కో పునరావృతం డీఎన్ఏలోని ఒక్కో అక్షరాన్ని గుర్తిస్తుంది. ఈ లిపిని 2009లో ఛేదించారు. వరి కణకేంద్రకంలోకి పోయి, తమకు కావలసిన జన్యువును ఇవి మేల్కొలుపుతాయి. వాటికి ఇష్టమైన జన్యువులలో చక్కెరను కణం బయటికి వదిలే స్వీట్ కుటుంబపు రవాణా ప్రోటీన్ల జన్యువులు ఉన్నాయి. బాక్టీరియా తన తూము గుండా పంపిన అణువుతో వరి చేతనే మరో తూము తెరిపించి, చక్కెరను తన వైపు మళ్లించుకొంటుంది. పంపిణీ నేర్పులో దీనిని మించినది వెతకడం కష్టం.

మొదటి తరహా వ్యవస్థ సరళమైనది. లోపలి త్వచంలో ఏటీపీతో పనిచేసే పంపు, నడుమ అతుకు ప్రోటీన్, బాహ్యత్వచం నుండి పెరిప్లాజం దాకా దిగిన సొరంగం కలిసి ఒకే అంచెలో సరుకును దాటిస్తాయి. ఇ. కోలైలో ఈ సొరంగానికి టాల్-సి అని పేరు. 2000లో దాని నిర్మాణం తెలిసింది. మూడు అణువులు కలిసి 12 పోగుల పీపాను, దాని కింద సుమారు పది నానోమీటర్ల పొడవైన హెలిక్స్ సొరంగాన్ని ఏర్పరుస్తాయి. సొరంగం కింది కొన కెమెరా కటకపు రేకుల వలె మెలిపడి మూసుకొని ఉంటుంది. పంపు వచ్చి తాకినప్పుడే విచ్చుకొంటుంది. ఇక్కడ తలుపు మధ్యలో కాక అడుగున ఉంది, అంతే తేడా. జాంథోమోనాస్ ఒరైజేలో టాల్-సికి సాటి ప్రోటీన్ రాక్స్-సి. రాక్స్-ఎక్స్ అనే చిన్న పెప్టైడ్‌కు సల్ఫేటు చేర్చి, దానిని ఈ మార్గాన బయటికి పంపుతారని 2015 నుండి వెలువడిన పరిశోధనలు చెబుతున్నాయి. 2009లో మరో ప్రోటీన్‌కు ఈ పాత్రను అంటగట్టిన పత్రాన్ని దాని రచయితలే 2013లో ఉపసంహరించుకొన్నారు.

7. సాంబమసూరి పొలంలో ఈ ద్వారాలు

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబమసూరి, అనగా బీపీటీ 5204, కర్నూలు–కడప కాలువ ఆయకట్టులో సన్న బియ్యానికి పర్యాయపదం. గింజ నాణ్యతలో దానికి సాటి తక్కువ, ఎండాకు తెగులును తట్టుకోవడంలో మాత్రం బలహీనం. హైదరాబాదులోని వరి పరిశోధన డైరెక్టరేట్, సీసీఎంబీ కలిసి జన్యు గుర్తుల సాయంతో సాంబమసూరిలోకి మూడు నిరోధక జన్యువులను చేర్చాయి. అలా రూపొందిన మేలైన సాంబమసూరి 2008లో విడుదలైంది. ఎక్స్‌ఎ5, ఎక్స్‌ఎ13, ఎక్స్‌ఎ21 అనే ఆ జన్యువులను సాధారణంగా మూడు తాళాలుగా వర్ణిస్తారు. పైన చెప్పిన ద్వారాల దృష్టితో చూస్తే వాటి అర్థం మరింత స్పష్టమవుతుంది.

ఎక్స్‌ఎ13 అన్నది ఒక స్వీట్ జన్యువుకు ముందున్న స్విచ్ భాగంలో మార్పు. టేల్ ప్రోటీన్ వచ్చినా దానికి చదవవలసిన అక్షరాలు దొరకవు, చక్కెర తూము తెరుచుకోదు. ఎక్స్‌ఎ5 అన్నది వరి జన్యువులను చదివే యంత్రాంగంలోని ఒక ప్రోటీన్‌లో ఒకే అమైనో ఆమ్లం మారిన రూపం. టేల్ ప్రోటీన్లు ఆసరా చేసుకొనే ఆ ప్రోటీన్ వాటికి సరిగా చిక్కదు. అంటే ఈ రెండూ మూడవ తరహా సూది గుండా వచ్చే సరుకుకు సమాధానాలు. రెండూ అంతర్గత లక్షణాలు కావడం వల్ల ఇరు తల్లిదండ్రుల నుండి అందితేనే పని చేస్తాయి. ఎక్స్‌ఎ21 ఇందుకు భిన్నం. ఒరైజా లాంజిస్టమినేటా అనే అడవి వరి నుండి వచ్చి, 1995లో వేరుచేయబడిన ఈ జన్యువు కణం ఉపరితలంపై నిలిచే గ్రాహకాన్ని తయారు చేస్తుంది. మొదటి తరహా సొరంగం గుండా బయటపడిన రాక్స్-ఎక్స్‌ను అది పసిగట్టి రక్షణను మేల్కొలుపుతుంది.

మూడు జన్యువులూ ద్వారాల గుండా వచ్చే సరుకుపైనే పని చేస్తాయి, ద్వారాలపై కాదు. సరుకు మారడం తేలిక. టేల్ ప్రోటీన్‌లో పునరావృతాల వరుస మారితే అది మరో అక్షరక్రమాన్ని చదవగలదు. ఎక్స్‌ఎ13 మూసివేసిన స్వీట్ జన్యువును వదలి మరో స్వీట్ జన్యువును తెరిచే టేల్ ప్రోటీన్లు గల బాక్టీరియా రకాలు ఇప్పటికే ఉన్నాయి. మూడు జన్యువులను ఒకే వంగడంలో పేర్చడానికి ముఖ్య కారణం ఇదే. ఒకదానిని దాటే మార్పు వచ్చినా తక్కిన రెండు నిలబడతాయి. 15 అణువులు ఒకదానికొకటి అతికి, తలుపు కూడా చెడకుండా ఉండవలసిన సెక్రెటిన్‌లో అంత స్వేచ్ఛగా మార్పులు రావడం కష్టం. మూడవ తరహా వ్యవస్థ పనిని అడ్డే చిన్న అణువులు ప్రయోగశాలల్లో కొన్ని వెలుగు చూశాయి. బాక్టీరియాను చంపని మందు కనుక దానిపై ఎదురు ఎంపిక ఒత్తిడి తక్కువగా ఉంటుందన్న ఆశ వాటి వెనుక ఉంది. అయితే మేలు చేసే బాక్టీరియాలలో సైతం ఇటువంటి ద్వారాలు ఉన్నందున, ఏ ద్వారాన్ని ఎంత మేరకు మూయాలన్న ప్రశ్న పొలంలో చల్లే మందు విషయంలో తేలికగా తెగేది కాదు.

అందాకా వంగడాలే ఆధారం. ఒక ఆయకట్టులోని బాక్టీరియా రకాలు ఏ టేల్ ప్రోటీన్లను పంపుతున్నాయో, వాటి రాక్స్ జన్యువులు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో తెలిస్తే ఆ ఆయకట్టుకు ఏ జన్యువుల కలయిక తగునో చెప్పడం సాధ్యమవుతుంది. తెగులు సోకిన ఆకును కోసి నీటిలో ఉంచితే కొద్ది నిమిషాలలో కోత అంచు నుండి బాక్టీరియా పాల వంటి ధారగా బయటికి వస్తుంది. దానిని వేరుచేసి, మేలైన సాంబమసూరిపైనా, ఒక్కొక్క జన్యువు మాత్రమే ఉన్న వరి రకాలపైనా కత్తెర కొనతో అంటించి, రెండు వారాల తరువాత మచ్చ పొడవు కొలవడం ఇందుకు వాడుకలో ఉన్న పద్ధతి. వృక్షశాస్త్ర ప్రయోగశాల, కొద్దిపాటి నారుమడి ఉన్న ఏ డిగ్రీ కళాశాలకైనా, వ్యవసాయ పరిశోధన స్థానం తోడ్పాటుతో, బద్వేలు చెరువుల కింద నుండి తెచ్చిన ఆకులతో ఈ పని మొదలుపెట్టవచ్చు.